తెలుగు వెబ్ పేజీల్లో అసలు పాఠాన్ని అదనపు సరుకు నుంచి వేరు చేయడానికి ఎలాంటి మెషీన్ లెర్నింగ్ పద్ధతి సరిపోతుంది?

పదాలవేట (ప్రశ్న):

అందరికీ నమస్కారం. తెలుగు స్పెల్‌చెకర్ ఒకటి తయారు చేసే పనిలో భాగంగా, ఏ మాట ఎంత తరచుగా వాడుకలో ఉందో లెక్క తీయాలని కొన్ని నెలలుగా వెబ్ పేజీలను సేకరిస్తున్నాను. వార్తలు, వంటలు, వ్యవసాయ సలహాలు, కథలు, పద్యాలు, సినిమా సమీక్షలు అన్నీ కలిపి సుమారు నలభై సైట్ల పేజీలను తెచ్చుకుని, హెచ్‌టీఎంఎల్ ట్యాగులు తీసేసి, మిగిలిన పాఠంలోని మాటలను లెక్కించాను. వచ్చిన జాబితాను చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ‘హోమ్’, ‘షేర్’, ‘మరిన్ని’, ‘తాజా’, ‘గ్యాలరీ’, ‘చదవండి’ అన్నవి ‘కానీ’, ‘తరువాత’, ‘ఎందుకంటే’ కంటే పైన కూర్చున్నాయి.

ఒక పేజీని దగ్గరగా చూపిస్తే నా ఇబ్బంది మీకు అర్థమవుతుంది. అది గోంగూర పచ్చడి గురించిన పేజీ. పైన మెనూలో ఇరవైకి పైగా లింకులు, వాటి కింద శీర్షిక, తేదీ, పంచుకోవడానికి నాలుగు బొత్తాలు, ఆ తరువాత రెండు పేరాల పరిచయం ఉన్నాయి. ‘కావలసినవి’ అన్న జాబితా మొదలై నాలుగు వరుసలు గడిచాక మధ్యలో ‘ఇవి కూడా చదవండి’ అంటూ మూడు లింకులు దూరాయి. మళ్లీ జాబితా, ఆ తరువాత తయారీ విధానం, ‘మా వాట్సాప్ ఛానల్‌లో చేరండి’ అన్న పిలుపు, పాఠకుల వ్యాఖ్యలు, అట్టడుగున గోప్యతా విధానం. ఇందులో ‘ఎండుమిర్చి – పది’ అన్న వరుస నాకు కావాలి. ‘వంటలు – చిట్కాలు’ అన్న మెనూ వరుస నాకు అక్కర్లేదు. పొడవును బట్టి చూస్తే రెండూ ఒకేలా ఉన్నాయి.

మొదట ఒక్కో సైటుకు ఒక్కో నియమం రాసుకున్నాను. రెండు సైట్లు తమ పేజీల రూపం మార్చుకోగానే ఆ నియమాలు చెల్లకుండా పోయాయి. తరువాత పేజీలోంచి మెనూల వంటి చెత్తను తీసేసే జస్ట్‌టెక్స్ట్ అనే ఉపకరణానికి, తెలుగులో తరచుగా వచ్చే అరవై చిన్న మాటల జాబితా నేనే వేసి ఇచ్చాను. అది మెనూలను బాగానే తీసేసింది కానీ, చక్కటి వార్తా పేరాలను కూడా చెత్తగా లెక్కగట్టి పారేసింది. దీనికి సొంతంగా మోడల్ తయారు చేసుకోవాలా, ఉన్న ఉపకరణాలనే సరిచేసుకోవచ్చా, సొంతంగా చేసుకుంటే ఎన్ని పేజీలకు ఏది అసలు పాఠం, ఏది చెత్త అని గుర్తులు పెట్టాల్సి ఉంటుంది అన్న విషయాల్లో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

కృష్ణాతీరం:

పదాలవేట గారూ, ఉపకరణంలో తప్పు లేదు. దానికి తెలుగు వాక్యం ఎలా ఉంటుందో తెలియదు, అంతే.

ఈ సమస్య మీద పని చాలా కాలంగా జరుగుతోంది. 2007లో జరిగిన క్లీన్‌ఎవాల్ అనే పోటీలో ఇంగ్లీషు, చైనీస్ పేజీలు ఇచ్చి, వాటిలోంచి మెనూలూ ప్రకటనలూ తీసేసే ప్రోగ్రాములను పోల్చి చూశారు. 2010లో జర్మనీలోని హానోవర్ పరిశోధకులు క్రిస్టియన్ కోల్‌షుటర్, ఆయన సహచరులు బాయిలర్‌పైప్ పద్ధతిని ప్రచురించారు. పేజీని చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కలో ఎన్ని మాటలున్నాయి, వాటిలో ఎంత వంతు లింకుల్లో ఉన్నాయి, ముందు ముక్కా తరువాతి ముక్కా ఎలా ఉన్నాయి అన్న కొద్దిపాటి సంగతులతోనే ఒక డెసిషన్ ట్రీ (ఒకదాని తరువాత ఒక ప్రశ్న వేసి తేల్చే చెట్టు లాంటి మోడల్) బాగా పని చేస్తుందని వారు చూపించారు. అర్థం జోలికి పోకుండా ఇంత ఫలితం రావడం అప్పట్లో చాలామందిని ఆశ్చర్యపరిచింది. ఆ చెట్టులోని మొదటి ప్రశ్న లింకుల సాంద్రత, అంటే ముక్కలోని మాటల్లో లింకుల్లో ఉన్నవాటి వంతు, మూడో వంతు దాటిందా అన్నది. దాటితే ఆ ముక్క చెత్తే. దాటకపోతే, ముందు ముక్కలో కూడా లింకులు మితిమీరకుండా ఉంటే, తరువాతి ప్రశ్న ఇందులో 16 మాటలకు మించి ఉన్నాయా అన్నది.

అసలు చిక్కు ఆ 16 దగ్గరే ఉంది. ‘వెళ్లలేకపోయినందువల్ల’ అన్నది మనకు ఒక్క మాట. ఇదే ఇంగ్లీషులో చెప్పాలంటే ఆరేడు మాటలు పడతాయి. వారికి 16 మాటలయ్యే విషయం మన దగ్గర తొమ్మిది పది మాటల్లో ముగిసిపోవచ్చు. కాబట్టి ఆ అంకెను ఉన్నది ఉన్నట్టుగా తెచ్చుకుంటే, నిండు వాక్యాలే చిన్న ముక్కల కింద జమ అయి, వాటి భవితవ్యం చుట్టుపక్కల ముక్కల మీద ఆధారపడుతుంది.

జస్ట్‌టెక్స్ట్ విషయంలో ఇబ్బంది ఇంకా లోతైనది. చెక్ దేశంలోని బ్రనో నగరంలో మసారిక్ విశ్వవిద్యాలయంలో యాన్ పోమికాలెక్ 2011లో సమర్పించిన పరిశోధన గ్రంథంలోంచి వచ్చిన పద్ధతి అది. నిజమైన వాక్యాల్లో వ్యాకరణ పదాలు ఎక్కువగా ఉంటాయి, మెనూల్లో ఉండవు అన్నది దాని మూలసూత్రం. మామూలు అమరికలో ఒక ముక్కలోని మాటల్లో కనీసం 0.30 వంతు అలాంటివి లేకపోతే దాన్ని చెత్త కిందే లెక్కిస్తుంది. ఇప్పుడు ఈ వాక్యం చూడండి: ‘జిల్లాలోని రైతులకు ఈ నెలాఖరులోగా విత్తనాలు అందజేస్తామని మంత్రి తెలిపారు.’ ఎనిమిది మాటలున్నాయి. మీరు వేసిన లాంటి జాబితాలో వీటిలో ‘ఈ’ తప్ప మరొకటి ఉండదు. ‘లో’, ‘కు’, ‘లోగా’, ‘అని’ అన్నీ వాక్యంలో ఉన్నాయి గానీ నామవాచకాలకూ క్రియలకూ అతుక్కుపోయాయి. ఎనిమిదిలో ఒకటి అంటే 0.125. మీ వార్తా పేరాలు ఎందుకు ఎగిరిపోయాయో దీన్ని బట్టి తెలుస్తుంది.

పొడవు లెక్కలోనూ ఒక కిటుకు ఉంది. జస్ట్‌టెక్స్ట్‌లో 70 అక్షరాల లోపు ఉన్న ముక్క చిన్నది, 200 దాటితే పొడుగుది. కానీ కంప్యూటరు లెక్కించేది మనం పలికే అక్షరాలను కాదు. ‘స్త్రీ’ మనకు ఒక్క అక్షరం. కంప్యూటర్లు లిపులను రాసుకునే యూనికోడ్‌లో అది సకారం, పొల్లు, తకారం, పొల్లు, రేఫ, గుడిదీర్ఘం కలిసి ఆరు సంకేతాలు. ఆ సంకేతాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8లో 18 బైట్లు. మీ ప్రోగ్రాము బైట్లను లెక్కిస్తోందో, సంకేతాలను లెక్కిస్తోందో ముందుగా చూసుకోండి. బైట్లను లెక్కిస్తూ ఉంటే మెనూ వరుసలు కూడా పొడుగు పేరాల్లా కనిపిస్తాయి.

ఫైర్‌ఫాక్స్‌లో చదువరి రూపం చూపించే రీడబిలిటీ ప్రోగ్రాము సంగతి కూడా ఇలాంటిదే. అది పేరాలోని ఒక్కో కామాకు ఒక్కో మార్కు వేస్తుంది. ‘వచ్చి చూసి మాట్లాడి వెళ్లాడు’ అని కామా పెట్టకుండానే నాలుగు పనులు చెప్పగల భాషకు అక్కడ మార్కులు తక్కువే పడతాయి.

తార్నాక_మెట్లు:

కృష్ణాతీరం గారు చెప్పిన దానితో ఏకీభవిస్తూనే, అంకెలను చేత్తో సవరించుకుంటూ కూర్చోవడం కంటే వాటిని మన పేజీల నుంచే నేర్చుకోనివ్వడం మేలని నా అభిప్రాయం. అందుకు పెద్ద మోడల్ అక్కర్లేదు. ఇదే పనికి కన్వల్యూషన్, ఎల్‌ఎస్‌టీఎం అనే రెండు రకాల న్యూరల్ నెట్‌వర్కులతో 2018లో వెబ్2టెక్స్ట్, 2020లో బాయిలర్‌నెట్ వచ్చాయి. అవి చదవదగ్గవే, కానీ మీ నలభై సైట్లకు లక్షణాలకు తూకాలు వేసి కలిపే లాజిస్టిక్ రిగ్రెషన్ గానీ, చాలా డెసిషన్ ట్రీల ఓటుతో తేల్చే రాండమ్ ఫారెస్ట్ గానీ చాలు. ఎక్కడ పొరబడిందో చూసి సరిదిద్దుకోవడం కూడా వాటిలో తేలిక.

అన్నిటికంటే ముందు, మీకు ఏది గింజో ఏది తాలో కాగితం మీద రాసుకోండి. ఫొటో కింది వ్యాఖ్య ఉంచాలా? విలేకరి పేరు, ఊరి పేరు ఉంచాలా? పాఠకుల వ్యాఖ్యలు ఉంచాలా? ఇతరులకు వ్యాఖ్యలు ఉపయోగకరమైన పాఠమే కావచ్చు గానీ, స్పెల్‌చెకర్ చేసేవారికి టైపు తప్పులతో నిండిన వ్యాఖ్యలు హాని చేస్తాయి. ఈ నియమాలు తేల్చుకోకుండా నేనూ నా మిత్రుడూ చెరి కొన్ని పేజీలకు గుర్తులు పెట్టి, తరువాత పోల్చుకుంటే, ‘కావలసినవి’ జాబితాలన్నిటినీ ఆయన చెత్తలో వేశారు, నేను ఉంచాను. మేమిద్దరమే ఒప్పుకోని విషయాన్ని మోడల్ ఎలా నేర్చుకుంటుంది?

ఇక నేను చేసిన పెద్ద పొరపాటు చెబుతాను, మీరు చేయకండి. గుర్తులు పెట్టిన పేజీలన్నిటినీ పేకముక్కల్లా కలిపి, అయిదింట నాలుగు వంతులు నేర్చుకోవడానికీ మిగిలినవి పరీక్షకూ కేటాయించాను. మార్కులు నూటికి తొంభై దాటాయి. సంబరపడి ఒక కొత్త సైటు మీద నడిపితే, సగం వ్యాసాలు తోక తెగి వచ్చాయి. ఒకే సైటు పేజీలన్నిటిలోనూ మెనూ ఒకటే, ఫుటర్ ఒకటే కనుక, నా మోడల్ చెత్త స్వభావాన్ని నేర్చుకోలేదు. ఆ సైట్ల చెత్తను బట్టీ పట్టింది. కాబట్టి సైట్ల వారీగా విడగొట్టండి: ముప్పై సైట్లతో నేర్పి, అది ఎన్నడూ చూడని పది సైట్ల మీద పరీక్షించండి. పైథాన్ వాడేవారి మెషీన్ లెర్నింగ్ లైబ్రరీ సైకిట్-లెర్న్‌లో గ్రూప్‌కేఫోల్డ్ అనే విభజన పద్ధతి ఉన్నది ఇందుకే. సైటు పేరునే గుంపుగా ఇస్తే సరిపోతుంది. ఇదే కారణంగా, ఒకే సైటు నుంచి రెండు వందల పేజీలకు గుర్తులు పెట్టడం కంటే నలభై సైట్ల నుంచి అయిదేసి పేజీలకు పెట్టడం ఎన్నో రెట్లు మేలు. అంతటితో మొదలుపెట్టి, మోడల్ తటపటాయిస్తున్న ముక్కలను చూసి మరికొన్ని చేర్చుకోండి.

ముక్కలకు ఇవ్వాల్సిన లక్షణాల్లో లింకుల సాంద్రత, మాటల సంఖ్య, పేజీలో ఎంత కిందికి ఉంది, ముందు వెనుక ముక్కల వివరాలు ఎలాగూ ఉంటాయి. వాటికి తోడు తెలుగుకే పనికొచ్చే లక్షణం ఒకటి ఉంది: ముక్క చివరి మాట క్రియ అవునా కాదా అన్నది. మన వాక్యం సాధారణంగా క్రియతో ముగుస్తుంది. ‘తెలిపారు’, ‘వచ్చింది’, ‘వేయించాలి’, ‘ఉంటాయి’ అన్న ముగింపులు మెనూల్లో దాదాపు కనిపించవు, అక్కడ ఉండేవి నామవాచకాలు. వ్యాకరణ విశ్లేషణ చేసే ప్రోగ్రాము ఏదీ అవసరం లేదు. చివరి మాటలోని ఆఖరి మూడు నాలుగు సంకేతాలను లక్షణంగా ఇస్తే మోడలే పట్టుకుంటుంది. ‘చదవండి’, ‘చేరండి’, ‘క్లిక్ చేయండి’ అన్న విధ్యర్థక రూపాలు చెత్త వైపు మొగ్గుతాయని కూడా అదే నేర్చుకుంటుంది. అయితే వంటల పేజీల్లో ‘సన్నని మంట మీద మగ్గనివ్వండి’ అని ఉంటుంది కాబట్టి, ఈ ఒక్క లక్షణం మీదే భారం వేయకూడదు.

ఫలితాన్ని కొలిచేటప్పుడు ముక్కల సంఖ్యను బట్టి కాక మాటల సంఖ్యను బట్టి కొలవండి. పేజీలో ముక్కల్లో ఎక్కువ భాగం చెత్తే కనుక, అన్నిటినీ చెత్త అనే మోడల్‌కు కూడా ముక్కల లెక్కన మంచి మార్కులే వస్తాయి.

డాలస్_నుంచి:

ఇంత శ్రమ ఎందుకో నాకు బోధపడలేదు. పేజీ మొత్తాన్ని ఒక పెద్ద భాషా మోడల్‌కు ఇచ్చి, ‘ఇందులో అసలు వ్యాసం మాత్రం ఇవ్వు’ అని అడిగితే క్షణాల్లో ఇస్తుంది కదా. నేను నాలుగైదు తెలుగు పేజీలతో ప్రయత్నించాను, చూడడానికి చక్కగానే వచ్చాయి.

తార్నాక_మెట్లు:

చూడడానికి చక్కగా ఉండడమే ఇక్కడ ప్రమాదం అండీ. మీరు ఇచ్చిన పాఠాన్ని అది అక్షరం పొల్లుపోకుండా తిరిగి ఇచ్చిందో లేదో పక్కపక్కన పెట్టి చూడండి. నేను చూసినప్పుడు మూలంలో ‘ఒచ్చాడు’ అని ఉన్నది ‘వచ్చాడు’ అయింది, పొడుగు వాక్యం రెండుగా విరిగింది, మాండలికంలో ఉన్న మాట ఒకటి పుస్తక భాషలోకి మారింది. చదువుకునేవారికి ఇది మేలు చేసినట్టే అనిపించవచ్చు. జనం నిజంగా ఏ రూపం రాస్తున్నారో లెక్కించాలనుకునే వ్యక్తికి మాత్రం సరుకే పాడైపోయినట్టు. పైగా లక్షల పేజీలకు అయ్యే ఖర్చు వేరే ఉంది.

దాన్ని వాడుకునే మార్గం మరొకటి ఉంది. ముక్కలకు వరుస సంఖ్యలు వేసి ఇచ్చి, ‘వీటిలో అసలు పాఠానివి ఏ సంఖ్యలు?’ అని మాత్రమే అడగండి. జవాబుగా అంకెలు తప్ప పాఠం రానివ్వకండి. అలా కొన్ని వందల పేజీలకు గుర్తులు పెట్టించి, మనిషి ఒకసారి సరిచూసి, వాటితో చిన్న మోడల్‌కు నేర్పితే, మిగతా పని ఆ చిన్న మోడల్ మామూలు కంప్యూటరు మీదే చేస్తుంది.

డాలస్_నుంచి:

మాండలికం సంగతి నాకు తట్టలేదు. మా నాన్నగారు రాసిన పేజీ ఒకటి పోల్చి చూశాను, మీరన్నది నిజమే. ఆయన ‘ఏంది’ అని రాసినచోటల్లా ‘ఏమిటి’ అని వచ్చింది. మొదటిసారి గమనించనే లేదు.

పదాలవేట:

అందరికీ కృతజ్ఞతలు. మూడు వారాలు ఆలస్యంగా జవాబిస్తున్నాను, అందుకు కారణం పని జరగడమే. నలభై సైట్ల నుంచి అయిదేసి పేజీలకు గుర్తులు పెట్టి, సైట్ల వారీగా విడగొట్టి, రాండమ్ ఫారెస్ట్‌తో నేర్పాను. వార్తలు, కథలు, వ్యవసాయ సలహాలు చక్కగా వస్తున్నాయి. గోంగూర పచ్చడిలో ‘కావలసినవి’ నిలిచాయి, మధ్యలో దూరిన మూడు లింకులూ పోయాయి. మాటల జాబితాలో ‘కానీ’ తన స్థానానికి తిరిగి వచ్చింది.

అయితే పద్యాల సైట్లు పూర్తిగా చెడ్డాయి. తాత్పర్యం నిలుస్తోంది, పద్యం పోతోంది. ఆటవెలది పాదాలు పొట్టివి కావడం వల్ల, సంధుల, సమాసాల వల్ల చివరన క్రియ కనబడకపోవడం వల్ల, మోడల్ వాటిని మెనూ వరుసలుగా భావిస్తోందని అనుకుంటున్నాను. అంతకంటే విచిత్రమైనది ఇంకొకటి జరిగింది. ఒకే పాఠం ఒక సైటులో చాలా పేజీల్లో కనిపిస్తే దాన్ని తీసేసే ప్రోగ్రామును చివర్లో నడిపాను. నేను తెచ్చిన శతకాల్లో ప్రతి పద్యానికీ చివరి పాదంగా వచ్చే మకుటం నూరు పేజీల్లో అచ్చంగా ఒకేలా ఉంటుంది కదా, అది ఫుటర్ అనుకుని తీసేసింది! మోడల్ ఉంచిన కొద్దిపాటి పద్యాలు కూడా మకుటం లేకుండా మొండిగా మిగిలాయి. దీనికి ఏం చేయాలి?

కృష్ణాతీరం:

మకుటం సంగతి చదివి చాలాసేపు నవ్వుకున్నాను. కానీ మీరొక్కరే కాదు, పెద్దవారి ప్రోగ్రాముల్లోనూ పద్యానికి చోటు తక్కువే. గూగుల్ వారు 2019లో ఇంగ్లీషు కోసం తయారు చేసిన సీ4 అనే వెబ్ పాఠాల సేకరణలో, వాక్యాంత చిహ్నంతో ముగియని వరుసలన్నిటినీ తీసేశారు. ఆ తరువాత అనేక భాషలకు చేసినప్పుడు ఆ నియమం అన్ని లిపులకూ కుదరదని మానేసి, పేజీలో 200 అక్షరాలకు పైబడిన వరుసలు కనీసం మూడు ఉండాలని పెట్టారు. చంపకమాల పాదమైనా ఆ పొడవుకు చేరదు, ఆటవెలది మాట చెప్పనక్కర్లేదు. 2019లోనే ఫేస్‌బుక్ వారు వెబ్ పాఠాలను శుద్ధి చేయడానికి చేసిన సీసీనెట్ అయితే, మీ ప్రోగ్రాములాగే, మళ్లీ మళ్లీ వచ్చే పేరాలను గుర్తించి తీసేస్తుంది. మెనూలకు అది మంచి మందు. పల్లవికీ మకుటానికీ విషం.

మీ పేజీల మూలం తెరిచి, పద్యం ఏ ట్యాగుల మధ్య ఉందో చూడండి. చాలా సైట్లలో నాలుగు పాదాలూ ఒకే పేరా ట్యాగులో ఉండి, మధ్యలో వరుస మార్చే బీఆర్ ట్యాగుతో విడిపోయి ఉంటాయి. మీ ప్రోగ్రాము బీఆర్ దగ్గర ముక్క కొడుతోందని నా అనుమానం. అలా కొట్టకుండా, పేరా మొత్తాన్ని ఒకే ముక్కగా ఉంచండి. అప్పుడు మకుటం విడిగా ఎప్పటికీ ఒక ముక్క కాదు. పద్యమంతా కలిసిన ముక్క ఏ రెండు పేజీల్లోనూ ఒకేలా ఉండదు కనుక, పునరుక్తిని తీసేసే ప్రోగ్రాము దాని జోలికి రాదు.

పాదాలు వేర్వేరు డివ్‌లలో (పేజీని గడులుగా విడగొట్టే ట్యాగుల్లో) ఉన్న సైట్లకు మాత్రం లక్షణాలు చేర్చాలి. వరుసగా నాలుగు ముక్కల పొడవులు దగ్గరదగ్గరగా ఉండి, ఒక్కటీ లింకు కాకపోతే అది పద్యమయ్యే అవకాశం ఎక్కువ. ఇంకా కావాలంటే ప్రాసను వాడుకోండి: ఉత్పలమాల, చంపకమాల వంటి వృత్తాల్లోనూ కందంలోనూ ప్రతి పాదంలో రెండో అక్షరపు హల్లు ఒకటే కావాలి. నాలుగు వరుసల్లో రెండో హల్లు కలిసే మెనూను నేనింతవరకు చూడలేదు. ఆటవెలదికీ తేటగీతికీ ప్రాస నియమం లేదు కాబట్టి, మీ శతకాల్లో చాలావాటికి ఇది పనికిరాదు. వాటికి పొడవుల లెక్కే దిక్కు. ఇక అరసున్నలు, శకటరేఫలు ఉన్న ముక్కను కళ్లు మూసుకుని ఉంచేయవచ్చు. ఏ వాట్సాప్ పిలుపులోనూ అరసున్న ఉండదు.

పదాలవేట:

మీ అనుమానం నిజమే, బీఆర్ దగ్గరే ముక్కలు కొడుతున్నాను. పేరాను కలిపి ఉంచి ఒక శతకం సైటును మళ్లీ నడిపాను. పద్యాలన్నీ మకుటాలతో సహా వచ్చాయి. ఆ సైటువారు ‘ఈ పద్యాన్ని మిత్రులకు పంపండి’ అన్న వరుసను కూడా అదే పేరాలో, అయిదో పాదంగా పెట్టారని ఇప్పుడే తెలిసింది. దాన్ని చేత్తో తీస్తున్నాను.